రెక్వియమ్ రికార్డింగ్ బాగుందో లేదో తేల్చుకోవడం ఎలా? మొజార్ట్ కె 626 తో అంచెలంచెలుగా

రెక్వియమ్ అంటే చనిపోయినవాళ్ల ఆత్మశాంతి కోసం చేసే లాటిన్ ప్రార్థనకి కట్టిన సంగీతం, కె 626 అన్నది మొజార్ట్ రచనల జాబితాలో దాని సంఖ్య. మొజార్ట్ రెక్వియమ్ అని వెతికితే రికార్డింగులు కుప్పలు తెప్పలుగా వస్తాయి. వాటిలో ఏది వినాలి, ఒకటి ఇంకోదానికన్నా మంచిదని ఎలా చెప్పాలి అని చాలామంది అడుగుతున్నారు. ఒక పేరు చెప్పి పంపించేయొచ్చు గానీ రెండో రికార్డింగ్ చేతికి రాగానే మళ్లీ అదే ప్రశ్న వస్తుంది. అందుకని పద్ధతే రాస్తున్నాను.

ముందే ఒక మాట. క్వయర్ (కలిసి పాడే గాయకుల బృందం) గట్టిగా పాడే చోట విని తీర్పు ఇవ్వకండి. తీర్పు దినం గురించిన ‘దియెస్ ఇరె’ భాగం దాదాపు ప్రతి రికార్డింగులోనూ అదిరిపోతుంది, ఎందుకంటే డ్రమ్ములు, ట్రంపెట్లు, పూర్తి గొంతుతో పాడే యాభై మంది కలిస్తే చిన్న చిన్న తప్పులు ఆ హోరులో కొట్టుకుపోతాయి. క్వయర్ బండారం బయటపడేది మెల్లగా పాడాల్సి వచ్చినప్పుడే.

## 1. వినేముందు దగ్గర పెట్టుకోవాల్సినవి

స్కోర్ (స్వరాలు రాసిన పుస్తకం) చదవడం రాకపోయినా ఫర్వాలేదు, కానీ పాఠం కళ్ల ముందు ఉండాల్సిందే. లాటిన్ మాటలు, పక్కన అర్థం ఉన్న కాగితం ఒకటి ప్రింట్ తీసుకోండి. ‘కొన్ఫుతాతిస్’లో మగగొంతులు మంటల్లో పడే పాపుల గురించి పాడుతున్నాయని, వెంటనే ఆడగొంతులు ‘నన్ను ధన్యులతో పాటు పిలువు’ అని వేడుకుంటున్నాయని తెలియకపోతే, అక్కడ కండక్టర్ (బృందాన్ని నడిపించేవాడు) చేసిన పని మంచిదో చెడ్డదో చెప్పలేరు.

స్కోర్ చదవగలిగినవాళ్లకు ఐఎంఎస్‌ఎల్‌పీ సైటులో ఉచితంగా దొరుకుతుంది. చర్చి క్వయర్‌లో నాలుగు గొంతుల పాటలు పాడి ఉంటే మీ పని ఇంకా సులువు. మీరు ఏ గొంతులో పాడేవారో ఆ వరుసనే పట్టుకుని వెళ్లండి.

చెక్‌లిస్ట్:

- లాటిన్ పాఠం, అర్థం
- నోట్‌బుక్, ఫోనులో కాదు, కాగితం మీద
- వైరు ఉన్న హెడ్‌ఫోన్స్ లేదా మామూలు స్టీరియో స్పీకర్లు (ఫోన్ స్పీకర్ పనికిరాదు, బేస్ గొంతులే వినపడవు)
- గంటన్నర ఎవరూ పిలవని సమయం

## 2. ఏ వెర్షనో ముందు తేల్చుకోండి

ఇది దాటేసి చాలామంది కండక్టర్‌ని తిడుతుంటారు. మొజార్ట్ 1791 డిసెంబరు 5న చనిపోయేనాటికి ఇది పూర్తి కాలేదు. ‘లాక్రిమోసా’ అనే భాగంలో ఎనిమిది బార్లు (తాళపు ఆవర్తాల్లాంటివి) రాసి ఆగిపోయాడు. మిగతాది శిష్యుడు జూస్‌మాయర్ పూర్తి చేశాడు, ఎక్కువ రికార్డింగులు అదే వాడతాయి. కానీ తరవాత వేరేవాళ్లు కూడా పూర్తి చేశారు, అందుకే రెండు సీడీల్లో స్వరాలే వేరుగా ఉండొచ్చు.

- జూస్‌మాయర్: ‘లాక్రిమోసా’ చివర ‘ఆమెన్’ రెండే రెండు స్వరసమూహాలతో ముగుస్తుంది. కండక్టర్లు కార్ల్ బోమ్ (1971), గార్డినర్ (1986) ఇదే వాడారు.
- ఫ్రాంట్స్ బయర్: జూస్‌మాయర్ రాసిన వాద్యాల భాగాన్ని సరిదిద్దాడు. హార్నన్‌కోర్, బర్న్‌స్టీన్ రికార్డింగులు.
- రిచర్డ్ మౌండర్: ‘సాంక్తుస్’, ‘బెనెదిక్తుస్’ అనే భాగాలు తీసేశాడు, ‘లాక్రిమోసా’ తరవాత ఆమెన్ ఫ్యూగ్ (ఒకే వరుసని గొంతులు ఒకదాని వెనక ఒకటి అందుకునే అల్లిక) పెట్టాడు. హాగ్‌వుడ్ రికార్డింగ్.
- రాబర్ట్ లెవిన్: ఇందులోనూ ఆమెన్ ఫ్యూగ్ ఉంటుంది, కానీ ‘సాంక్తుస్’ తీసేయలేదు. మెకెరస్ రికార్డింగ్.

‘సాంక్తుస్’ లేదేమిటి, కోసేశారా అని అనుకునేముందు సీడీ వెనక చూడండి. వెర్షన్ నచ్చకపోవడం ఒకటి, పాడిన తీరు నచ్చకపోవడం ఇంకొకటి. నోట్‌బుక్‌లో రెండింటికీ వేరు వేరు చోట్లు ఉంచండి.

శ్రుతి కూడా ఇక్కడే చూసుకోవాలి. పాతకాలపు వాద్యాలతో వాయించే బృందాలు సాధారణంగా శ్రుతి కొలిచే ‘ఎ’ స్వరాన్ని 430 హెర్ట్జ్ దగ్గర పెట్టుకుంటాయి, మామూలు ఆర్కెస్ట్రాలు 440 గానీ ఇంకొంచెం పైన గానీ. ఈ తేడా హార్మోనియం మీద పక్కపక్క మెట్ల మధ్య దూరంలో సగానికి కాస్త తక్కువ. శ్రుతి పట్టే చెవి ఉన్నవాళ్లకు వెంటనే తెలిసిపోతుంది, తెలిసి ‘ఇదేదో దిగిపోయింది’ అనిపిస్తుంది. దిగిపోలేదు, వాళ్ల శ్రుతే అది. మొదటి ట్రాక్ అయ్యేసరికి చెవి సర్దుకుంటుంది.

## 3. సెట్టింగులు, వాల్యూమ్

స్ట్రీమింగ్ యాప్‌లో ఇవన్నీ ఆపేయండి:

- క్రాస్‌ఫేడ్ (‘కొన్ఫుతాతిస్’ చివరి స్వరాల మీదే ‘లాక్రిమోసా’ ఎక్కేస్తుంది)
- వాల్యూమ్ నార్మలైజేషన్ (ట్రాక్‌కి ట్రాక్ సమానం చేస్తే, మెల్లగా ఉండాల్సిన ‘హోస్తియాస్’ కూడా ‘దియెస్ ఇరె’ అంత గట్టిగా వస్తుంది)
- ఈక్వలైజర్, బేస్ బూస్ట్, త్రీడీ ఆడియో లాంటివి

తరవాత ‘దియెస్ ఇరె’ మొదటి అరనిమిషం పెట్టి, చెవి నొప్పి లేకుండా గట్టిగా ఉండేలా వాల్యూమ్ పెట్టండి. అక్కడితో సరి. మెల్లటి చోట వినపడడం లేదని పెంచకండి. ఎంత మెల్లగా పాడారు అన్నదే మీరు కొలుస్తున్నది.

యూట్యూబ్ గురించి ఒక హెచ్చరిక. ఎవరో ఎక్కించిన పాత రికార్డింగుల్లో కండక్టర్ పేరు తప్పుగా ఉండడం, వేగం కాస్త మారిపోవడం, హిస్ (పాత టేపుల బుస శబ్దం) తీసేసే క్రమంలో గొంతులు ప్లాస్టిక్‌లా అయిపోవడం మామూలే. దాని మీద తీర్పు రాయొద్దు. లేబుల్ (రికార్డింగ్ విడుదల చేసిన కంపెనీ) సొంత ఛానెల్‌లో ఉన్నదే వినండి.

## 4. మొదటిసారి ఆపకుండా వినండి

పెన్ను పక్కన పెట్టి మొదటి నుంచి చివరిదాకా ఒకే ఊపులో వినండి. అయిపోయాక మూడు ప్రశ్నలు వేసుకుని జవాబులు రాయండి. ఎక్కడ మనసు పక్కకి పోయింది? ఎక్కడ ఊపిరి బిగబట్టారు? మళ్లీ వినాలనిపిస్తోందా?

మనసు పక్కకి పోయిన చోటు ముఖ్యం. చాలా రికార్డింగుల్లో అది ‘దోమినె యేసు’ నుంచి ‘బెనెదిక్తుస్’ దాకా ఉన్న భాగంలోనే జరుగుతుంది, ఎందుకంటే పేరున్న ట్రాకులన్నీ ముందే అయిపోతాయి. అక్కడ కూడా పట్టి కూర్చోబెట్టిన కండక్టర్‌కి నేనైతే ఎక్కువ మార్కులేస్తాను.

## 5. రెండోసారి: ఈ చోట్ల ఆగి ఆగి వినండి

అసలు పని ఇదే. ఒక్కో చోటునీ రెండుమూడు సార్లు తిప్పి తిప్పి వినండి.

### 5.1 ‘ఇంట్రోయిట్’: క్వయర్ ఎలా ప్రవేశిస్తుంది

ఇది మొదటి భాగం. మొదట బాసెట్ హార్న్‌లు, బసూన్‌లు (రెండూ ఊదే వాద్యాలే) మెల్లగా అల్లుకుంటూ వస్తాయి, కింద తీగవాద్యాలు తాళం మీద కాకుండా ఎదురుదెబ్బలో పడుతుంటాయి. ఏడో బార్‌లో ట్రాంబోన్‌లు (ఇత్తడి ఊదే వాద్యాలు) ఒక్కసారిగా గట్టిగా లేస్తాయి, ఎనిమిదో బార్‌లో క్వయర్ మొదలవుతుంది. బేస్, టెనర్ (మగగొంతులు), ఆల్టో, సొప్రానో (ఆడగొంతులు) అన్న వరుసలో, కింది నుంచి పైకి, గొంతులు ఒకదాని మీద ఒకటి చేరతాయి.

ఇక్కడ చూడాల్సింది: నాలుగు గొంతులూ ఒకే బరువుతో వస్తున్నాయా, లేక సొప్రానో రాగానే మిగతా ముగ్గురూ మాయమైపోతున్నారా? ఆ తరవాత ‘ఎత్ లుక్స్ పెర్పెతువా లూచెయాత్ ఎయిస్’ అందరూ కలిసి పాడతారు. ‘లుక్స్’ చివరి ‘క్స్’ ఒకే క్షణంలో తెగాలి. మంచి క్వయర్‌లో ఆ శబ్దం ఒకే మనిషి అన్నట్టుంటుంది. సాధన తక్కువైన క్వయర్‌లో ‘క్స్స్స్’ అని చిరుజల్లులా చెదురుతుంది. ‘ఎయిస్’ చివర కూడా అంతే.

అదే చోట ఉచ్చారణ కూడా తెలుస్తుంది. ‘లూచెయాత్’ అంటే ఇటలీ పద్ధతి, ‘లూత్సెయాత్’ అంటే జర్మన్ పద్ధతి. మొజార్ట్ పనిచేసిన వియన్నాకి రెండోది దగ్గర. ఏదైనా ఒప్పే, కానీ క్వయర్ ఒకటి, సోలోయిస్టులు (విడిగా పాడే నలుగురు గాయకులు) ఇంకొకటి పలికితే మాత్రం మైనస్ రాయండి.

### 5.2 ‘కిరియె’: ఆల్టోని పట్టుకోండి

ఇది జంట ఫ్యూగ్. బేస్ గొంతులు ‘కిరియె’ అని పెద్ద పెద్ద అంగలతో మొదలుపెడతాయి, వెంటనే ఆల్టోలు ‘క్రిస్తె’ అని గబగబా పరుగెత్తే స్వరాలతో అందుకుంటాయి. ఆ పరుగులో ‘హ-హ-హ-హ’ అని ప్రతి స్వరానికీ గాలి కొడుతుంటే అది సాంకేతికంగా బలహీనమైన క్వయర్. స్వరాలన్నీ అతుక్కుపోయి జారుబండలా వినిపించినా తప్పే. విడివిడిగా వినపడాలి, గాలి మాత్రం వినపడకూడదు.

చివర ఒక గట్టి స్వరం మీద అంతా ఆగుతుంది, నిశ్శబ్దం, ఆ తరవాత నెమ్మదిగా ముగింపు. ఆఖరి శబ్దంలో మేజర్, మైనర్ తేల్చే స్వరమే ఉండదు. మన లెక్కలో చెప్పాలంటే ‘స’, ‘ప’ మాత్రమే, గాంధారం లేదు. తంబురాకి అలవాటుపడిన చెవికి ఇక్కడ ఒక్క గొంతు పక్కకి పోయినా గుచ్చుకుంటుంది, కాబట్టి మనకి ఇది బ్రహ్మాండమైన పరీక్ష. ఆ నిశ్శబ్దాన్ని కండక్టర్ ఎంతసేపు ఉంచాడో కూడా రాసుకోండి. కొందరు కంగారుపడి దాటేస్తారు.

### 5.3 ‘రెక్స్ త్రెమెందె’: గట్టి నుంచి మెల్లకి

మూడుసార్లు ‘రెక్స్’ అని అరుపు. చివర ‘సాల్వా మె’ అని ప్రాధేయపడడం. ఈ రెండింటికీ మధ్య వాల్యూమ్ ఒక్కటే తగ్గితే సరిపోదు, గొంతు రంగు మారాలి. అరిచిన గొంతులే బతిమాలుతున్నాయని నమ్మించగలిగారా?

### 5.4 ‘ఓరో సుప్లెక్స్’: ఇదే నా అసలు పరీక్ష

‘కొన్ఫుతాతిస్’ ఆఖరి భాగం. మగవాళ్ల కోపం, ఆడవాళ్ల వేడుకోలు అయిపోయాక నాలుగు గొంతులూ కలిసి మెల్లగా ‘ఓరో సుప్లెక్స్ ఎత్ అక్లీనిస్’ అంటాయి. ఎ మైనర్‌లో మొదలైన శ్రుతి మెట్టు మెట్టుగా కిందికి దిగుతూ వెళ్తుంది. కింద ఆర్కెస్ట్రా ఉంటుంది కాబట్టి క్వయర్ కాస్త ఎక్కువ దిగినా వాద్యాలతో రాపిడి మొదలవుతుంది. బయటికి అపశ్రుతిలా వినిపించకపోవచ్చు, శబ్దం మసకబారినట్టు ఉంటుంది.

సరిగ్గా పాడితే ప్రతి మెట్టు దగ్గరా నేల జారినట్టుంటుంది, వెంటనే కొత్త చోట గట్టిగా నిలబడినట్టు ఉంటుంది. ఈ ఒక్క నిమిషం బాగుంటే మిగతాది చాలావరకు బాగుంటుందని నా నమ్మకం.

### 5.5 ‘లాక్రిమోసా’: వేగం ఎంత

అందరికీ తెలిసిన ట్రాక్, అందరూ పాడుచేసే ట్రాక్ కూడా. పన్నెండు చిన్న దెబ్బల్ని నాలుగు పెద్ద దెబ్బలుగా ఊపుతూ వెళ్లాలి. మీ చేత్తో నాలుగు దెబ్బలు వేసి చూడండి. చేయి హాయిగా ఊగితే వేగం సరిపోయింది. దెబ్బకీ దెబ్బకీ మధ్య చేయి గాల్లో ఎదురుచూస్తుంటే కండక్టర్ ఏడిపించడానికి సాగదీస్తున్నాడని అర్థం.

‘క్వా రెసూర్గెత్’ దగ్గర సొప్రానోలు మెట్టుమెట్టుగా పైకెక్కుతారు. శబ్దం కూడా అలాగే మెట్టుమెట్టుగా పెరగాలి. మూడో మెట్టుకే ఉన్న బలమంతా వాడేస్తే పైకి చేరేసరికి ఇవ్వడానికి ఏమీ ఉండదు.

కార్ల్ బోమ్ రికార్డింగ్ మొత్తం గంట దాటుతుంది, గార్డినర్‌ది యాభై నిమిషాల లోపే. నెమ్మది అంటే లోతు అనుకోకండి. బోమ్ దగ్గర ఆ బరువు ఎక్కువచోట్ల నిలబడింది గానీ ‘కిరియె’ మాత్రం ఈడుస్తున్నట్టుంటుంది. ఈ మాటకి బోమ్ అభిమానులు నా మీదికి వస్తారు, రానీండి.

### 5.6 ‘హోస్తియాస్’

ఆఖర్న ఫ్యూగ్ వచ్చేదాకా అందరూ కలిసి, మెల్లగా, దాచుకోవడానికి చోటు లేకుండా. ఒక వాక్యం చివర ఊపిరి ఎక్కడ తీసుకుంటున్నారో చూడండి. అర్థం మధ్యలో తెంచితే రాసుకోండి.

## 6. సోలోయిస్టులు: నలుగురూ కలిస్తేనే

‘తూబా మిరుమ్’లో ట్రాంబోన్ ఒంటరిగా మొదలుపెట్టిన వరుసనే బేస్ గాయకుడు అందుకుంటాడు. ఇద్దరూ ఒకేలా వంపు తిప్పుతున్నారా వినండి. ట్రాంబోన్ అందంగా పలికి, గాయకుడు నాటకంలో డైలాగులా విరుచుకుపడితే పొసగదు.

కానీ అసలు పరీక్ష ‘రెకోర్దారె’. నలుగురూ ఒకరి మాట ఒకరు అందుకుంటూ పాడాలి. ఒపేరా స్టార్లు నలుగుర్ని తెచ్చి పెట్టిన రికార్డింగుల్లో ఒక్కొక్కరి కంపనం ఒక్కో వేగంలో ఊగుతుంది, కలిసినప్పుడు ఏ స్వరం పాడుతున్నారో తేలదు. పేరు పెద్దదైతే మార్కు పెద్దది అవ్వదు.

## 7. శబ్దాన్ని విడిగా అంచనా వేయండి

పాడిన తీరు ఒక కాలమ్, రికార్డ్ చేసిన తీరు ఇంకో కాలమ్. ఇవి కలిపేస్తే పాత మోనో రికార్డింగులకి అన్యాయం జరుగుతుంది, కొత్తవాటికి ఊరికే మార్కులు పడతాయి.

- ‘కిరియె’ ఆఖరి శబ్దం తరవాత గది ప్రతిధ్వని సహజంగా ఆరిపోతోందా, మధ్యలో కోసేశారా?
- క్వయర్ ఆర్కెస్ట్రా వెనక నిలబడ్డట్టు ఉందా, వేరే గదిలో ఉన్నట్టు ఉందా?
- సోలోయిస్ట్ నోటి ముందే మైకు పెట్టినట్టు, క్వయర్ కన్నా పెద్దగా వినిపిస్తున్నాడా?
- ట్రాంబోన్‌లు ఆల్టో, టెనర్, బేస్ గొంతులతో పాటే వాయిస్తాయి. అవి గొంతులకి ఊతం ఇస్తున్నాయా, కప్పేస్తున్నాయా?
- అతుకులు: ఉన్నట్టుండి గది మారినట్టు అనిపించడం, ఊపిరి తీసుకోకుండానే కొత్త వాక్యం మొదలవడం
- లైవ్ అయితే ‘సాంక్తుస్’ నాటికి గొంతులు అలిసిపోయాయా?

దగ్గు వినపడిందని లైవ్ రికార్డింగ్‌కి మార్కులు తీసేయకండి.

## 8. పక్కపక్కన పెట్టి పోల్చడం

మూడు రికార్డింగులు చాలు: ఒకటి పెద్ద ఆర్కెస్ట్రాది, ఒకటి పాతకాలపు వాద్యాలది, మూడోది మీరు అంచనా వేస్తున్నది. మొత్తం కాదు, 5లో చెప్పిన చోట్లు మాత్రమే పోల్చండి.

పోల్చేముందు మూడింటి వాల్యూమ్ సమానం చేయండి. ఫోనులో సౌండ్ మీటర్ యాప్ పెట్టి ‘కిరియె’ మధ్యలో కొలిస్తే సరిపోతుంది. కాస్త గట్టిగా ఉన్నదే బాగుందని చెవి ఎప్పుడూ మోసపోతుంది.

వీలైతే ఇంట్లో తమ్ముడికో చెల్లికో ఫోను ఇచ్చి, పేర్లు చెప్పకుండా వరుస మార్చి పెట్టమనండి. పేరు తెలియకపోతే మీ రాతలు చాలా మారతాయి.

## 9. తరచూ జరిగే తప్పులు, వాటికి మందు

మొదట విన్నదే సరైనదనిపించడం. చిన్నప్పుడు విన్న వేగం చెవిలో స్థిరపడిపోతుంది. మందు: అలవాటైన రికార్డింగ్‌ని కొన్నాళ్లు పక్కన పెట్టి, కొత్తదాన్ని ఒంటరిగా వినండి.

రివ్యూలు ముందే చదవడం. ‘సొప్రానో బలహీనం’ అని ఎవరో రాస్తే మీకు అదే వినిపిస్తుంది. నోట్స్ పూర్తయ్యాక చదవండి.

ముక్కలు ముక్కలుగా విని తేల్చేయడం. ముప్పై సెకన్ల క్లిప్పుల్లో వేగంగా, గట్టిగా ఉన్నదే ఎప్పుడూ గెలుస్తుంది. అందుకే 4వ అంచె.

రాత్రి బాగా అలిసిపోయి వినడం. నెమ్మది రికార్డింగులన్నీ విసుగ్గా అనిపిస్తాయి. ఇంకో రోజు పొద్దున మళ్లీ వినండి.

## 10. తీర్పు రాసేటప్పుడు

‘గుండె పిండేసింది’ అని రాస్తే చదివినవాడికి మీ గుండె సంగతి తెలుస్తుంది గానీ రికార్డింగ్ సంగతి తెలియదు. ‘ఓరో సుప్లెక్స్ దగ్గర రెండో మెట్టులో టెనర్లు దిగిపోయారు, హోస్తియాస్‌లో మాత్రం ఊపిరి ఎక్కడా తెగలేదు’ అని రాయండి. చోటు చెప్పాలి, అక్కడ జరిగింది చెప్పాలి, ఆ తరవాత మీ ఇష్టాయిష్టాలు.

ఇంతకీ ఎవరికి పనికొస్తుందో కూడా ఒక వాక్యం ఉండాలి. మొదటిసారి వినేవాళ్లకా, లెవిన్ వెర్షన్ వెతుక్కునేవాళ్లకా? పదికి ఏడున్నర లాంటి అంకెలు అక్కర్లేదు, వేయాలనిపిస్తే వేసుకోండి.

## 11. వెర్డి, ఫోరె అయితే చోట్లు మారతాయి

వెర్డి, ఫోరె అనే సంగీతకర్తలు కూడా రెక్వియమ్‌లు రాశారు. వెర్డి (1874) రెక్వియమ్‌కి వాల్యూమ్ పెట్టుకోవడమే పెద్ద తలనొప్పి, చెల్లో అనే తీగవాద్యాలు వినీ వినపడనట్టు మొదలవుతాయి, ‘దియెస్ ఇరె’లో ఇల్లు ఎగిరిపోతుంది. అక్కడ పెద్ద డ్రమ్ దెబ్బ పొడిగా, బిగిగా పడాలని వెర్డి స్కోర్‌లోనే రాశాడు. ‘భుమ్మ్మ్’ అని సాగుతుంటే ఒప్పుకోకండి. ‘ఆన్యుస్ దేయి’ మొదట్లో సొప్రానో, మెజో (సొప్రానోకన్నా కాస్త కింది ఆడగొంతు) ఇద్దరూ వాద్యాలేమీ లేకుండా ఒకే వరుస రెండు స్థాయిల్లో పాడతారు, ఇద్దరి శ్రుతీ కలిసిందో లేదో దాచడానికి అక్కడ ఏమీ ఉండదు. చివరి ‘లిబెరా మె’లో సొప్రానో తారస్థాయిలో అతి మెల్లగా పట్టాల్సిన బి ఫ్లాట్ ఉంది. చాలామంది గట్టిగా పాడి తప్పించుకుంటారు. కండక్టర్ జులీని 1960ల రికార్డింగ్‌లో క్వయర్ గట్టిగా పాడే చోట టేపు శబ్దం పగిలినట్టుంటుంది. అది శబ్దం కాలమ్‌లో రాయండి, పాడిన తీరు కాలమ్‌లోకి రానివ్వకండి.

ఫోరె దాంట్లో ‘దియెస్ ఇరె’ ట్రాకే లేదు, కాబట్టి కోపం కోసం వెతక్కండి. 1893 నాటి చిన్న బృందం వెర్షనా, 1900 నాటి పెద్ద ఆర్కెస్ట్రాదా చూసుకోండి. ‘పియె యేసు’ ఒక్కరే పాడతారు, కొన్నిటిలో అబ్బాయి గొంతు, కొన్నిటిలో సొప్రానో. ఆడగొంతు అయితే ఒపేరా కంపనం ఎంత తగ్గించిందో చూడండి, అబ్బాయి అయితే పొడుగు వాక్యాల చివర ఊపిరి చాలిందా, స్వరం కిందికి వంగిందా అన్నది చూడండి.